డిజైను విద్య - మూడో మనిషి

వస్తువులకు రూపం కల్పించటాన్ని ఒక శాస్త్రంగా విశ్వవిద్యాలయంలో బోధించటం మన దేశంలో పాత సంగతి కాదు. కుమ్మరి కుండకూ, వడ్రంగి నాగలికీ రూపం ఇవ్వటానికి ఏ పట్టా అవసరం లేకపోయింది. చేసేవాడే ఊహించేవాడు; ఊహించినదాన్ని తన చేత్తోనే సరిచూసుకునేవాడు. 1958లో ఛార్లెస్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించారు. అందులో వాళ్ళు మన చెంబును ఎంతగానో మెచ్చుకున్నారు. ఆ నివేదికను అనుసరించి 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైను సంస్థ ఏర్పడింది. 1969లో బొంబాయి ఐ.ఐ.టి.లో ఇండస్ట్రియల్ డిజైన్ సెంటరు వెలిసింది. ఈనాడు హైదరాబాదు ఐ.ఐ.టి.లో డిజైను శాఖ ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు 2015లో జాతీయ డిజైను సంస్థ వచ్చింది. ఇంజనీరింగు పుస్తకాలతో విసిగినవాళ్ళూ, బొమ్మలు వేసే చెయ్యి ఉండి ఆ చెయ్యి కూడు పెట్టదేమోనని భయపడేవాళ్ళూ ఈ చదువువేపు మళ్ళుతున్నారు. మంచిదే.

ఈ చదువులో విద్యార్థికి మొదట నూరిపోసే సూత్రం ఒకటి ఉంది: డిజైను చేసేవాడు తన కోసం చెయ్యకూడదు, వాడేవాడి కోసం చెయ్యాలి. ఇది సాంకేతిక సూత్రంలా కనిపించే నైతిక సూత్రం. ఇంజనీరింగు చదువులు చాలావాటిలో ఇంతమాత్రం నీతి కూడా ఉండదు కనక దీన్ని తేలికగా కొట్టిపారెయ్యటం తగదు. అయితే ఏ వస్తువుకైనా సంబంధించిన మనుషులు ముగ్గురు ఉంటారు. కొనేవాడు, వాడేవాడు, చేసేవాడు. మార్కెట్టు మొదటివాణ్ణి గుర్తిస్తుంది. డిజైను పాఠ్యప్రణాళిక రెండోవాణ్ణి గుర్తిస్తుంది. మూడోవాడు ఎక్కడ? వాడు లేకపోవటం పాఠ్యప్రణాళిక తయారుచేసినవాళ్ళ మరుపా, లేక వాడు లేకపోవటం మీదనే ఈ చదువు ఆధారపడి ఉందా? నేను చర్చించదలచినది ఈ ప్రశ్న.

దీన్ని గాలిలో తేల్చబోవటం కన్నా ఒకచోట నిలబడి చూడటం మేలు. సికిందరాబాదు పక్కనున్న మౌలాలి అందుకు తగిన చోటు. గుట్ట మీద కుతుబ్‌షాహీల కాలంనాటి దర్గా ఉంది. గుట్ట కింద, 1824లో చనిపోయిన ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి సమాధి ఉంది. యాత్రికులు చూసిపోయే మౌలాలి ఇంతే. రైలు పట్టాల వెంబడి పోతే ఇంకో మౌలాలి కనిపిస్తుంది. రైల్వే ఉద్యోగులకు తర్ఫీదు ఇచ్చే సంస్థ ఇక్కడ ఉంది. 1971లో నెలకొల్పిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఇక్కడ ఉంది. 1967లో అయ్యగారి సాంబశివరావు గారి నాయకత్వాన మొదలైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, జనం నోట ఇ.సి.ఐ.ఎల్., దగ్గరలోనే ఉంది. వీటికి తోడు పారిశ్రామికవాడ, అందులో రేకుల షెడ్లు. దేశంలోకెల్లా జాగ్రత్తగా రూపొందిన వస్తువులలో ఒకటీ, రూపకర్త ఎన్నడూ తలుచుకోని మనిషీ ఈ కొద్దిమైళ్ళలోనే ఉన్నారు.

మూడో మనిషి జోలికి పోయేముందు రెండో మనిషి విషయంలో జరిగిన మంచిని ఒప్పుకోవాలి. ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసే వస్తువులలో దేశంలోని వోటర్లంతా చేత్తో తాకినది ఒకటి ఉంది: వోటింగు యంత్రం. దాన్ని ఈ సంస్థా, బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థా తయారుచేస్తాయి. దాని బాహ్యరూపాన్ని తీర్చింది బొంబాయి ఐ.ఐ.టి.లోని డిజైను అధ్యాపకులు. ఈ వస్తువును వాడేవాడు కొనడు. బజారులో చూసి ఎన్నుకోడు. ఐదేళ్ళకొకసారి, ఒక్క నిమిషం, అట్ట తెర చాటున, ఎవరి సాయమూ లేకుండా వాడతాడు. వాడికి చదువు రాకపోవచ్చు, చూపు ఆనకపోవచ్చు, చేతులు వణకవచ్చు. కనక పేరూ, గుర్తూ, నీలిరంగు బటనూ ఒకే వరసలో ఉండాలి. నొక్కగానే పక్కన ఎర్రదీపం వెలగాలి, చప్పుడు వినిపించాలి. గుడ్డివాడు తడిమి తెలుసుకోవటానికి బ్రెయిలీ అంకెలు ఉండాలి. కరెంటు లేని తండాలో కూడా బ్యాటరీ మీద నడవాలి. చూడటానికి ఇవన్నీ చిన్న విషయాలే. కాని ఒక అవ్వ తాను వెయ్యదలచిన గుర్తుకే వోటు వేసి బయటికి రావటం ఈ చిన్న విషయాల మీదనే ఆధారపడి ఉంది.

2019లో నిజామాబాదు రైతులు ఈ యంత్రానికి ఒక విచిత్రమైన పరీక్ష పెట్టారు. పసుపుకూ, ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కోసం 170 మందికి పైగా రైతులు లోక్‌సభ ఎన్నికలో నామినేషన్లు వేశారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఒక్కొక్క పెట్టెలో పట్టేవి 16 పేర్లు. చివరికి ప్రతి పోలింగు కేంద్రంలోనూ 12 పెట్టెలు వరసగా అమర్చి ఎన్నిక జరిపించారు. వాడేవాడు అంటే ఎవడో ఒకడు వచ్చి మీట నొక్కిపోయే ప్రాణి అనుకునే డిజైను పండితులు ఈ సంఘటనను పాఠంగా చెప్పుకోవాలి. వాడేవాడు తిరగబడగలడు, యంత్రాన్ని తన నిరసనకు వేదిక చేసుకోగలడు.

ఈ యంత్రం మీద వచ్చిన అనుమానాలు కూడా డిజైనుకు సంబంధించినవే. 1982లో కేరళలోని పరూరులో 50 పోలింగు కేంద్రాలలో దీన్ని మొదట వాడారు. చట్టంలో చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ ఎన్నికను ఒప్పుకోలేదు. తరవాత చట్టం మారింది. 2004లో లోక్‌సభ ఎన్నికలు పూర్తిగా యంత్రాల మీదనే జరిగాయి. కాని తన వోటు ఎక్కడికి పోయిందో వోటరుకు కనిపించే ఏర్పాటు 2013 దాకా రాలేదు. కాగితపు చీటీ అద్దం వెనక ఏడు సెకన్లు కనిపించటం అప్పుడు మొదలయింది. వాడటానికి సులువుగా ఉండటం వేరు, లోపల జరిగేది తెలియటం వేరు. మొదటిది మాత్రమే చాలుననుకునే డిజైను మనిషిని మర్యాదగా చూసే పిల్లవాడిలా చూస్తుంది, పౌరుడిలా చూడదు. అయినా మొత్తం మీద రెండో మనిషిని ఇంతగా మనసులో పెట్టుకుని తయారయిన వస్తువులు మనకు ఎక్కువ లేవు. దీనికి కారణం డిజైనర్ల మంచితనం కాదు. అడిగినవాడు లాభం కోసం అడగలేదు, అంతే.

ఇప్పుడు షెడ్డులోకి పోదాం. పవరు ప్రెస్సు ఎరగని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. బరువైన చక్రం ఒకటి ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. కార్మికుడు కాలితో పెడలు తొక్కగానే క్లచ్చి పట్టుకుంటుంది. పంచి బిగించిన దిమ్మె పైనుంచి దిగి కిందనున్న డై మీద రేకును కోస్తుంది, లేదా వంచుతుంది. కార్మికుడు రేకు ముక్క పెట్టాలి, చెయ్యి తియ్యాలి, పెడలు తొక్కాలి, తయారయిన ముక్క తీసివేయాలి. మళ్ళీ పెట్టాలి. పొద్దస్తమానం ఇదే వరస. పాతరకం క్లచ్చి ఒకసారి పట్టుకుందంటే దిమ్మె పూర్తిగా దిగి పైకి పోయేదాకా ఆగదు. చెయ్యీ కాలూ ఒక క్రమం తప్పకుండా నడవాలి. వేలసార్లలో ఒక్కసారి కాలు ముందు పడితే వేలు పోతుంది.

దీనికి విరుగుడు కనిపెట్టటానికి కొత్త శాస్త్రం అక్కర్లేదు. డై ముందు కంచె బిగించవచ్చు. లేదా పెడలు తీసేసి, దూరదూరంగా రెండు బటన్లు పెట్టవచ్చు. రెండు చేతులూ రెండు బటన్ల మీద ఉంటేనే దిమ్మె దిగుతుంది. కనక చెయ్యి డై మధ్య ఉండే అవకాశం లేదు. ప్రమాదకరమైన యంత్రభాగాలకు కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. కాని ఆ చట్టం, కరెంటుతో నడిచే చోట, పదిమంది పనిచేస్తేనే ఫ్యాక్టరీ అన్నది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత స్మృతి ఆ పదిని ఇరవై చేసింది. ఏడెనిమిదిమంది పనిచేసే షెడ్డు పాత చట్టానికీ కనిపించలేదు, కొత్త చట్టానికి ఇంకా దూరం జరిగింది.

మరి రెండు బటన్లూ ఉన్న చోట ప్రమాదాలు ఆగిపోయాయా? లేదు. ఒక బటనును తీగతో బిగించికట్టి, ఒంటిచేత్తో పని కానిచ్చే అలవాటు ప్రెస్సుపని తెలిసినవాళ్ళకు కొత్త కాదు. దాన్ని చూపించి కార్మికుడి అజాగ్రత్త అంటారు, చదువు లేకపోవటం అంటారు. కాని కూలి ముక్కకింత చొప్పున ఇస్తున్నప్పుడు రెండు చేతులతో నొక్కేవాడు ఒంటిచేత్తో నొక్కేవాడి కన్నా తక్కువ సంపాదిస్తాడు. ఆ తీగను కట్టింది కార్మికుడి చెయ్యే అయినా కట్టించింది పీసు రేటు. ఆ రేటును నిర్ణయించింది షెడ్డు యజమాని ఒక్కడే కూడా కాదు. వాడికి పని ఇచ్చిన పెద్ద కంపెనీ కొనుగోలు శాఖలో తేలిన సంఖ్య అది. కూలి రేటు కూడా ఆ యంత్రంలో ఒక భాగమే. డ్రాయింగులో కనిపించని భాగం అది.

పోయిన వేలికి ధర కట్టే పని మాత్రం మన ప్రభుత్వాలు ఏనాడో పూర్తిచేశాయి. 1923 నాటి పరిహార చట్టానికి చేర్చిన మొదటి షెడ్యూలు ప్రకారం బొటనవేలు పోతే సంపాదనశక్తిలో 30 శాతం నష్టం. చూపుడువేలు మొత్తం పోతే 14, నడిమివేలు పోతే 12. చూపుడువేలి కొన, ఎముక పోకుండా తెగితే 5. ఇంత సూక్ష్మంగా లెక్కకట్టగలిగిన నాగరికత, ఆ సూక్ష్మదృష్టిని ప్రెస్సు ముందు కూర్చోబెట్టే ఏర్పాటు మీద చూపించి ఉంటే ఈ పట్టిక అవసరం ఇంతగా ఉండేది కాదు.

డిజైను విద్యార్థి ఇక్కడ నన్ను ఆపుతాడు. "నేను గీసేది దీపానికో కుర్చీకో బొమ్మ. ప్రెస్సు నేను గియ్యలేదు, కూలి నేను నిర్ణయించలేదు. నా మీద ఈ భారం ఎందుకు?" అంటాడు. న్యాయమైన ప్రశ్న. కాని వాడు గీసే ప్రతి గీతా షెడ్డులో ఒక చేతి కదలికగా మారుతుంది. అంచును లోపలికి మడవాలని గీశాడా, ఆ ముక్క రెండోసారి ప్రెస్సు కిందికి పోవాలి. ముక్కను మరీ చిన్నది చేశాడా, పట్టుకారుతో కాక వేళ్ళతో పట్టుకోవలసివస్తుంది. ఉపరితలం అద్దంలా మెరవాలని రాశాడా, దాన్ని తిరిగే చక్రం మీద రుద్ది మెరుగుపెట్టేవాడు ఆ దుమ్ము పీలుస్తాడు. క్రోమియం పూత అని ఒక్క మాట రాస్తే చాలు: ఆ తొట్టె ఆవిర్లు ఏళ్ళతరబడి పీల్చినవాడికి ముక్కు లోపలి గోడకు చిల్లి పడుతుంది. ఇది వైద్యులకు పంతొమ్మిదో శతాబ్దం నుంచీ తెలిసిన విషయమే. విద్యార్థికి తెలియదు. వాడి పుస్తకంలో క్రోమియం పూతను శుభ్రతకూ ఆధునికతకూ గుర్తుగా వర్ణించి ఊరుకున్నారు. కనక కూలి రేటు వాడి చేతిలో లేకపోవటం నిజమే గాని, ఎన్ని దెబ్బలకు ఒక ముక్క తయారవుతుందో, ఎవడి ఊపిరితిత్తుల మీదుగా ఒక మెరుపు వస్తుందో వాడి పెన్సిలు చేతిలోనే ఉంది.

మార్క్సు "పెట్టుబడి" మొదటి సంపుటంలో తేనెటీగనూ భవననిర్మాతనూ పోల్చిన సంగతి మన పాఠకులకు తెలుసు. తేనెపట్టు ఎంత అందంగా ఉన్నా, మనిషి కట్టకముందే తలలో కడతాడు, ఈగ అలా కట్టలేదు. తేడా అక్కడ ఉంది. డిజైను శాఖలు ఈ పోలికను ఇష్టంగా చెప్పుకోవచ్చు. కాని దాన్ని సగమే చెప్పుకుంటే లాభం లేదు. మానవశ్రమ లక్షణం ఏదైతే ఉందో, ముందు ఊహించి తరవాత చెయ్యటం, దాన్ని రెండు ముక్కలు చేసి, ఊహ ఒకడికీ చేత ఒకడికీ పంచిపెట్టారు. ప్రెస్సు ముందు కూర్చున్నవాణ్ణి ఈగ చేశారు. విశ్వవిద్యాలయ పట్టా, ఎంత ప్రేమగా ఇచ్చినా, ఈ పంపకానికి రాసిన దస్తావేజు. అందుచేత ఈ చదువులో మూడో మనిషి లేకపోవటం కేవలం మరుపు కాదని నా అభిప్రాయం. వాడు తరగతిలోకి వస్తే, రూపకర్త ఒక్కడే రూపకర్త అనే మాట నిలబడదు.

వాడు వస్తే ఏమవుతుందో ఒకసారి చూశాం. ఇంగ్లండులో లూకాస్ ఏరోస్పేస్ కంపెనీ కార్మిక ప్రతినిధులు, ఉద్యోగాలు పోతాయన్న భయంతో, 1976లో ఒక ప్రణాళిక తయారుచేశారు. మేము యుద్ధవిమానాల భాగాలకు బదులు సమాజానికి పనికివచ్చే వస్తువులు చెయ్యగలం అన్నారు. సుమారు 150 వస్తువులు సూచించారు. మూత్రపిండాల రోగులకు యంత్రాలు, ఇళ్ళు వెచ్చబరిచే పంపులు, రోడ్డు మీదా పట్టాల మీదా నడిచే బండి అందులో ఉన్నాయి. వాళ్ళలో మైక్ కూలీ అనే డిజైను ఇంజనీరు ఉన్నాడు, లేతు మీద పనిచేసేవాళ్ళు కూడా ఉన్నారు. కంపెనీ ఆ ప్రణాళికను తిరస్కరించింది. 1981లో కూలీని ఉద్యోగంలోంచి తీసేసింది. వస్తువులు బాగుండలేదని కాదు. ఏ వస్తువు చెయ్యాలో నిర్ణయించే హక్కు తమది అని. నాయకత్వం వాదించింది ఆ ఒక్క విషయమే.

ఇంతవరకూ విని, "అయితే విశ్వవిద్యాలయం వద్దు, చేతివృత్తులవాళ్ళ దగ్గరికే పోదాం, తలా చెయ్యీ విడిపోనిది అక్కడే గదా" అనేవాళ్ళు మన మధ్యనే ఉన్నారు. చెంబును మెచ్చుకోవటం ఈ ధోరణికి ఊతం ఇచ్చింది. చెంబు అందమైనదే. కాని అందమైన వస్తువు వెనక ఎప్పుడూ సుఖమైన శ్రమ ఉంటుందనుకోవటం భ్రమ. పోచంపల్లి ప్రాంతపు చిటికి చీరలనే తీసుకోండి. రంగు అద్దటానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలి. దీన్ని ఆసు పొయ్యటం అంటారు. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పని ఇంట్లో ఆడవాళ్ళది. నేతగాడి పేరు, నైపుణ్యం, సంప్రదాయం గురించి వ్యాసాలు రాసినవాళ్ళెవరూ ఆ భుజం నొప్పి గురించి రాయలేదు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో ఆరో తరగతితో చదువు మానుకున్న చింతకింది మల్లేశం ఆ నొప్పిని తన తల్లి లక్ష్మి భుజంలో చూశాడు. దాదాపు ఏడేళ్ళు అప్పులతో, ఎగతాళితో కుస్తీపట్టి, 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేశాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

మల్లేశం కథను పేపర్లు చెప్పే తీరు నాకు నచ్చదు. చదువు లేకపోయినా సాధించాడు, కనక చదువుదేముంది అన్నట్టుంటుంది. ఆ ఏడేళ్ళను లెక్కలోకి తీసుకోరేం? దారాన్ని ఒక మేకు మీదినుంచి ఇంకో మేకు మీదికి మార్చే చలనం యంత్రశాస్త్రం చదివినవాళ్ళకు అర్థం కానిదేమీ కాదు. ఆ శాస్త్రం తెలిసినవాళ్ళు వందలమంది హైదరాబాదులో ఉన్నారు. వాళ్ళలో ఒక్కడు ఆ ఇంట్లో ఒక నెల కూర్చుని ఉంటే మల్లేశానికి ఏడేళ్ళు పట్టేది కాదు, వేలాదిమంది స్త్రీల భుజాలు అంతకుముందే తేలికపడేవి. జ్ఞానం ఒకచోట ఉంది, నొప్పి ఒకచోట ఉంది. మధ్య దూరం ఎనభై కిలోమీటర్లు కూడా లేదు. సంప్రదాయానికి తిరిగిపోవటం ఈ దూరాన్ని తగ్గించదు. విశ్వవిద్యాలయాన్ని మూసెయ్యటం అసలే తగ్గించదు.

జర్మనీలో బౌహౌస్ పాఠశాలకు 1928లో అధిపతి అయిన హానెస్ మేయరు, విలాసవస్తువులు కాదు, ప్రజల అవసరాలు చూడాలన్నాడు. 1930లో రాజకీయాల కారణంగా అతన్ని తొలగించారు. ఆ తరవాత డిజైను చరిత్ర పుస్తకాలలో కుర్చీల ఫోటోలు పెద్దవయ్యాయి, మేయరు పేరు చిన్నదయింది. మన పాఠ్యప్రణాళికలు ఆ పుస్తకాలలోంచి వచ్చినవే.

మన దగ్గర తలనూ చేతినీ కలిపి బోధించే ఏర్పాటు బొత్తిగా లేదనటం కూడా సరి కాదు. బాలానగరులో 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో ఏర్పడిన టూల్ డిజైను సంస్థ ఉంది. అక్కడి విద్యార్థి డై గీస్తాడు, యంత్రం మీద పని నేర్చుకుంటాడు, తన గీత ఉక్కులో ఎలా తేలుతుందో చూస్తాడు. కాని వస్తువు గీసే విద్యార్థి ఒక సంస్థలో, ఆ వస్తువుకు డై గీసే విద్యార్థి ఇంకో సంస్థలో చదువుతున్నారు. ఇద్దరూ వచ్చే కుటుంబాలు వేరు, ఇద్దరికీ దొరికే జీతాలు వేరు, మాట్లాడే భాష కూడా చాలావరకు వేరు. ఒకే వస్తువు మీద ఇద్దరినీ ఒక ఏడాది కూర్చోబెట్టటానికి కొత్త భవనాలు అక్కర్లేదు.

ఇంకో పని కూడా సాధ్యమే. డిజైను శాఖలలో విద్యార్థి తన నమూనాను అధ్యాపకుల ముందూ, కంపెనీలనుంచి వచ్చిన పెద్దల ముందూ పెట్టి సమర్థించుకోవాలి. వాడేవాళ్ళను కూడా కొన్నిచోట్ల పిలుస్తారు. ఆ బల్ల దగ్గర ఒక ప్రెస్సు కార్మికుణ్ణీ, ఒక పాలిషు కార్మికుణ్ణీ కూర్చోబెట్టాలి. డ్రాయింగులో పదార్థానికీ, కొలతకూ, పూతకూ గడులు ఉన్నట్టే ఈ ముక్కను చెయ్యటానికి ఎన్ని చేతి కదలికలు, ఎన్ని దెబ్బలు, ఏ దుమ్ము అనే గడి ఉండాలి. ఆ గడి నింపలేనివాణ్ణి ప్రశ్నించే హక్కు వాళ్ళకు ఉండాలి. మార్కులు వేసే హక్కు కూడా. దీనికి వెంటనే వచ్చే ఆక్షేపణ నాకు తెలుసు: మౌలాలి షెడ్డులో పీసు రేటు మీద బతికేవాడు ఒక పూట పని మానుకుని మీ సమీక్షకు ఎందుకు వస్తాడు? రాడు. బయటనుంచి వచ్చే ఆచార్యుడికి ఇచ్చే దినభత్యం ఎంతో, వాడికీ అంతే ఇవ్వాలి. ఆ రోజు వాడి స్థానంలో ప్రెస్సు ముందు కూర్చోవటానికి తర్ఫీదు పొందిన విద్యార్థి ఒకడు పోవాలి, రెండు బటన్లూ తీగ లేకుండా ఉన్న ప్రెస్సు ముందుకే.